చీటీలో రాసిన మాయ

పుప్పాలగూడ అపార్ట్‌మెంటు తొమ్మిదో అంతస్తులోనూ, సముద్రాలకు అవతల సున్నపురాతి అడవిలోనూ ఒకే చూపుతో నన్ను చూసిన దేవునికి స్తోత్రం. నేను దాచిపెట్టినదాన్ని దాగనివ్వనందుకు స్తోత్రం. పదిమందిలో సిగ్గుపరిచి కూడా నా చెయ్యి విడవనందుకు స్తోత్రం. ఈ సాక్ష్యం రాస్తున్నంతసేపూ నా చేతికి అబద్ధం అంటకుండా ఆయనే కాచును గాక.

మా సంఘం ఖాజాగూడలో, శానిటరీ సామాన్లు అమ్మే దుకాణం పై అంతస్తులో కూడుకుంటుంది. వచ్చేవాళ్ళలో సగం మంది అక్కడివాళ్ళే, చెరువు, రాళ్ళగుట్టలు తప్ప ఇంకేమీ లేని రోజుల నుంచి ఉన్నవాళ్ళు. మిగతా సగం మాలాగా కోస్తా నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్ళు. పెళ్ళికి ముందు నేను రెండేళ్ళు వాక్య పాఠశాలలో చదువుకున్నాను. ఇప్పుడు సండే స్కూలు పిల్లలకు చెబుతాను. గోడ మీద ప్రతి వారం మారే చార్టు రాసేదీ నేనే. అందువల్ల నా చేతిరాత సంఘంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

తలుపు దగ్గర, చెప్పుల స్టాండు మీద, ఒక అట్టపెట్టె ఉంటుంది. ఏదైనా ప్రార్థన మనవి ఉంటే చీటీ రాసి అందులో వేయాలి. పేరు రాయక్కర్లేదు. మరుసటి ఆదివారం పాస్టరమ్మ గారు వాటిని ఒక్కొక్కటే చదువుతారు, మేమంతా కళ్ళు మూసుకుని ప్రార్థిస్తాం. ఒకరికి మోకాళ్ళ నొప్పి, ఒకరికి కంపెనీలో తీసేస్తారేమోనని భయం, ఒకరికి కోడలితో మాటల్లేవు. పేరు లేకపోయినా ఎవరిదో కొంచెం కొంచెం తెలుస్తూనే ఉంటుంది. తెలియనట్టు ఉండటం మా మర్యాద.

మావారు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ మేనేజరు. తప్పులు వెతకడం ఆయన ఉద్యోగం. ఇంట్లో ఆ పని నాది.

పోయిన సంవత్సరం పాస్టరు గారు ఆయనను సంఘ పెద్దగా నిలబెట్టాలనుకున్నారు. రెండు నెలలు ప్రార్థనలో పెడదాం, ఆయన నడవడి గురించి ఎవరికీ అభ్యంతరం లేకపోతే అందరి ముందు చేతులుంచి నియమిద్దాం అన్నారు. మావారు తల వంచుకుని "దేవుని చిత్తం" అని ఊరుకున్నారు. నేను మాత్రం ఆ రోజే ఆయనకు తెల్లచొక్కా కొన్నాను. అంత ఆశ నాకు. ఆ రెండు నెలల్లో ఆయన ఎక్కడ కాలు జారుతారోనని కాపలా కాయడం మొదలుపెట్టాను.

కాపలా కాసేవాళ్ళకు ఏదో ఒకటి కనబడుతుంది. మొదట కనబడింది ఆఫీసు డైరీ. ఒక పేజీ నిండా చుక్కలు, అడ్డగీతలు, మధ్యమధ్యలో సగం మూసిన కన్నులాంటి గుర్తు. మా పుట్టింటివాళ్ళం విశ్వాసంలోకి రాకముందు మా వీధిలో తాయెత్తులు కట్టే మనిషి రాగిరేకు మీద ఇలాంటివే గీసేవాడు.

"ఇవేంటండీ?" అని అడిగాను.

"లెక్కలు."

"ఏం లెక్కలు?"

"పాత లెక్కలు" అని డైరీ మూసేశారు.

తర్వాత బాల్కనీ. మంగళవారం, గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చీ రాగానే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అరగంట అక్కడే నిలబడేవారు. గొంతు తగ్గించి ఏదో అనేవారు, ఆగేవారు, మళ్ళీ అదే అనేవారు. ఒకసారి తీగ ఊడి ఫోన్లోంచి ఒక ఆడమనిషి నవ్వు వినబడింది. చనువుగా నవ్వినట్టే అనిపించింది నాకు. ఎవరని అడిగితే "క్లాసు" అన్నారు. ఏం క్లాసంటే "భాష" అన్నారు. యాభై దాటిన మనిషికి కొత్త భాషతో పనేమిటి? ఆ నెలలో శుక్రవారం ఉపవాస ప్రార్థనకు రెండుసార్లు రాలేదు. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందన్నారు. రిలీజ్ ఉన్న మనిషి ఇంట్లో సోఫాలో కూర్చుని ఏవో రాతిమెట్ల వీడియో చూస్తున్నారు. తెర కింద తెలుగులో పెద్ద అక్షరాలతో ఉంది: మాయ.

ఒక శనివారం పొద్దున ఉప్మా తింటూ చెప్పారు.

"పన్నెండు రోజులు సెలవు పెట్టాను. మెక్సికో వెళ్దాం. మాయ వాళ్ళ శిథిలాలు చూసొద్దాం. అక్కడ కారు తీసుకుని మనమే నడుపుకుంటూ తిరగొచ్చు. అమెరికా వీసా మనిద్దరి పాస్‌పోర్టుల్లో ఇంకా ఉంది కాబట్టి దానికి వేరే వీసా కూడా అక్కర్లేదు."

"మాయ వాళ్ళెవరు?"

"పాత జనం. అడవిలో గుళ్ళు కట్టారు. ఆకాశాన్ని లెక్క కట్టారు."

"గుళ్ళంటే విగ్రహాలేగా. బలులు కూడా ఇచ్చేవాళ్ళటగా."

ఆయన చెంచా పక్కన పెట్టి నన్ను చూశారు. "చూడటానికి వెళ్దాం అంటున్నాను. మొక్కడానికి కాదు."

పెద్దగా నిలబడబోయే మనిషి రక్తబలులు జరిగిన మెట్ల దగ్గరికి, అదీ సరిగ్గా ఈ రెండు నెలల్లోనే ఎందుకు వెళ్ళాలి? లోపల విశ్వాసం చల్లారిపోతే తప్ప ఇలాంటి బుద్ధి పుట్టదనుకున్నాను. వద్దంటే ఒక్కరే వెళ్తారేమోనని భయం వేసి సరేనన్నాను. సంఘంలో ఎవరికీ చెప్పలేదు. దిష్టిని నేను నమ్మను. అయినా చెప్పలేదు. పాస్టరమ్మ గారితో "రెండు వారాలు ఆయన ఊళ్ళో ఉండరు, నేనూ రాలేనండి" అని మాత్రం అన్నాను.

బయలుదేరే ముందు ఆదివారం, ఆరాధన అయ్యాక, చెప్పులు వేసుకుంటున్నట్టు నిలబడి చీటీ రాశాను. నోటుబుక్కు కాగితంలో నాలుగో వంతు. వెనక జనం వస్తున్నారు. మెక్సికో అని రాస్తే ప్రయాణం బయటపడుతుంది. అందుకని రెండే వాక్యాలు రాశాను: "నా భర్త మాయ వెంట పడ్డారు. ఆయన తిరిగి రావాలని ప్రార్థించండి." మడిచి పెట్టెలో వేశాను. ఎంతో భక్తితోనే వేశాను.

ఆ దేశంలో బండ్లు కుడివైపున నడుస్తాయి. స్టీరింగ్ ఎడమవైపు. విమానాశ్రయం దగ్గర కారు తీసుకుని రోడ్డెక్కగానే మావారు ఇండికేటరు వేయబోయి వైపరు వేశారు. ఎండలో అద్దం మీద వైపర్లు కిర్రుకిర్రుమంటూ ఊగాయి. మళ్ళీ మలుపు, మళ్ళీ వైపర్లు. నేను కళ్ళు మూసుకుని కారు చుట్టూ దేవదూతల కంచె వేయమని అడుగుతున్నాను.

"కళ్ళు తెరువు. కుడిపక్క ఎంత జాగా ఉందో చూసి చెప్పు" అన్నారు.

పోనుపోను చేతులు అలవాటు పడ్డాయి. రోడ్డు నూలు పట్టి గీసినంత తిన్నగా ఉంది. రెండు వైపులా ఎక్కువ ఎత్తులేని చిక్కటి అడవి, రోడ్డు మీద పసుపుపచ్చ సీతాకోకచిలుకల గుంపులు. ఊరు వచ్చిందంటే స్పీడ్ బ్రేకర్లు. వాటిని అక్కడ తోపే అంటారట. బోర్డు కూడా లేకుండా ఒకటి వచ్చి నా తల కారు పైకప్పుకు తగిలింది.

"మన హైదరాబాదులో ఊరికొక్క తోపుంటాడు" అన్నారు మావారు. "ఇక్కడ వీధికి నలుగురున్నారు."

నవ్వు వచ్చింది కానీ నవ్వలేదు. ఇంత హుషారు ఆయనలో ఎప్పుడు చూశానా అని లెక్క వేసుకుంటున్నాను.

నాకు అక్కడ ప్రతిదీ అనుమానమే. పెట్రోలు బంకులో కుర్రవాడు మీటరు వైపు వేలు చూపించి ఏదో అన్నాడు. నేను కారు దిగి మీటరుకు అడ్డంగా నిలబడ్డాను. "సున్నా చూసుకోమంటున్నాడు. మన నానక్‌రామ్‌గూడలో అనరూ?" అన్నారు మావారు. అన్నా సరే, ట్యాంకు నిండేదాకా కదల్లేదు. బస చేసిన ఇంటావిడ తెల్లటి గౌను అంచుకు రంగుదారాల పూలు కుట్టుకుని, పొట్టిగా, మా మేనత్తలా ఉండేది. మెడలో చిన్న సిలువ. పొద్దున మొక్కజొన్న రొట్టెలు కాలుస్తూ ఫోన్లో వాళ్ళ అమ్మతో మాట్లాడుతూ రెండుసార్లు నా వైపు చూసింది.

"నా గురించేనా? ఏమంటోంది?" అని మావారిని అడిగాను.

"నాకేం తెలుసు. అది స్పానిష్ కాదు, మాయ."

"మాయలో మాట్లాడుతోందా?"

"ఆవిడ భాష అది. ఆవిడ మాయ మనిషే. వాళ్ళేమీ చచ్చిపోలేదు."

స్పానిష్ కాదని ఈయనకెలా తెలిసిందని అప్పుడు తట్టలేదు. ఆవిడ నా పళ్ళెంలో జామపండు ముక్కలు, సీతాఫలం పెట్టింది. మన సీతాఫలమే. ఆయన ముందు తిన్నాక నేను తిన్నాను.

అడవిలో నేల కుంగి ఏర్పడిన నీటిబావులున్నాయి. ఒకదాంట్లోకి చెక్కమెట్లు దిగాం. పైనుంచి చెట్టు వేళ్ళు తాళ్ళలా నీళ్ళదాకా వేలాడుతున్నాయి. రాతి గోడ మీద ఒక నీలిపిట్ట కూర్చుని, చివర రెండు ఈకలే ఉన్న తోకను గోడ గడియారం లోలకంలా అటూ ఇటూ ఆడిస్తోంది. మావారు లైఫ్ జాకెట్ వేసుకుని నీళ్ళలో వెల్లకిలా తేలుతూ, పైన గుండ్రటి కంతలోంచి కనబడే ఆకాశాన్ని చూస్తూ ఉండిపోయారు. ముఖంలో అంత శాంతి. పూర్వం ఇలాంటి బావుల్లో మనుషులను వేసేవారని చదివాను. ఆ శాంతి ఎక్కడి నుంచి వస్తోంది? మెట్ల మీద నిలబడి, ఆయన పైకి వచ్చేదాకా లోలోపల ప్రార్థిస్తూనే ఉన్నాను.

అయిదో రోజు ఆదివారం. గదిలో ఇద్దరమే ఆరాధన చేసుకున్నాం. ఆయన పాట ఎత్తుకున్నారు, నేను ప్రార్థన చేశాను. మధ్యలో ఒక కన్ను తెరిచి ఆయన కళ్ళు మూసి ఉన్నాయో లేదో చూశాను. మూసే ఉన్నాయి. అది కూడా నాకు చాల్లేదు.

తర్వాత ఉష్మాల్ అనే పెద్ద శిథిల నగరానికి బయలుదేరాం. దారి చూపడానికి ఆయన ఫోన్ కారుకు కలిపి ఉంది, నా చేతిలో పెట్టారు. చాలాసేపటికి సిగ్నల్ వచ్చింది. టింగుమంటూ సంఘంలో కీబోర్డు వాయించే తమ్ముడి వాయిస్ మెసేజ్. మన దగ్గర అప్పటికే ఆరాధన ముగిసిపోయి ఉంటుంది.

"వందనాలు చెబుతున్నాడేమో, పెట్టు" అన్నారు.

నేనే నొక్కాను. కారు స్పీకర్లన్నింటిలోంచీ గొంతు వచ్చింది.

"అన్నా, వందనాలు. చిన్నోన్ని, పెద్దమాట చెప్తున్న, ఏమనుకోకు. ఇయ్యాల చీటీలు చదివిండ్రు. వదిన చేతిరాత చూసి పాస్టరమ్మ జర ఆగింది. మాకందరికీ సమజయింది. అన్నా, ఆ మాయను ఇడిసిపెట్టు. ఆమె ఎవరో ఏందో మాకెందుకు, ఇడిసిపెట్టి ఇంటికి రా. నువ్వు ఊర్ల లేవంటే ఆమెతోనే పోయినవని అంటున్నరు. నేనైతే నమ్మలే. కానీ వదిన గింత సబర్‌తోని ఓర్సుకుంటున్నది, ఆమె ముఖం చూసన్నా సోంచాయించు. మేమందరం మోకాళ్ళ మీద ఉన్నం."

కారు తోపే మీద ఎగిరి పడింది. ఆయన చూడలేదు. కొంతదూరం పోయాక పండ్లు అమ్ముకునే పందిరి పక్కన ఆపారు. ఇంజను ఆపలేదు.

"మాయ ఎవరు?" అన్నారు.

నేను చెప్పాను. పెట్టె, చీటీ, వెనక జనం.

"ఏం రాశావు? ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పాను.

మొదట ఆయనకు నవ్వొచ్చింది. స్టీరింగ్ మీద తల ఆనించి భుజాలు కదిలేలా నవ్వారు. నాకూ కొంచెం ధైర్యం వచ్చింది. "శిథిలాల గురించే రాశానండీ. వాళ్ళు ఇలా అనుకుంటారని నేనెలా అనుకుంటాను?" అన్నాను. ఆయన నవ్వు ఆపి తలెత్తారు.

"శిథిలాల గురించి రాస్తే 'తిరిగి రావాలి' అని ఎందుకు రాశావు? నేను అప్పటికి ఎక్కడికీ వెళ్ళలేదుగా."

"విశ్వాసంలోకి తిరిగి రావాలని."

"సరే. ఒక్కటి అడుగుతాను. ఆ రాసేటప్పుడు, నాకు ఎవరో ఆడమనిషి ఉందని నీకు అనిపించిందా?"

లేదు అనాలి. రెండక్షరాలు. పందిరి కింద ముసలాయన బొప్పాయి కోసి గింజలు దులుపుతున్నాడు, అది చూస్తూ ఉండిపోయాను. నా నోట్లోంచి "లేదు" వచ్చేసరికి ఆయన గేరు మార్చేశారు.

"బాల్కనీలో నవ్వినావిడ స్పానిష్ పంతులమ్మ" అన్నారు రోడ్డు చూస్తూ. "కారు నడుపుకుంటూ వెళ్తున్నాం, దారి తప్పితే అడగడానికి నాలుగు ముక్కలన్నా రావాలని చేరాను. నా ఉచ్చారణకు నవ్వేది."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా."

"నీకు చెబితే మాట్లాడవు. ప్రార్థన చేస్తావు."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. ప్రార్థన చేయడం తప్పా? జవాబు వెతుక్కుంటుండగా నా ఫోన్ మోగింది. మహిళా కూటమిలో నా పక్కన కూర్చునే సహోదరి తెలుగులో టైపు చేసి పంపింది: "అక్కా ధైర్యంగుండు. గా పిల్ల కొండాపూర్ల ఉంటదంట. పొట్టి జుట్టంట. స్కూటీ మీద తిరుగుతదంట. మా ఆడబిడ్డ సూశిందంట."

లేని మనిషికి ఒక్క పూటలో జుట్టు, బండి, పేట వచ్చేశాయి. ఆ పిల్లను పుట్టించింది నేనే. అన్నీ తెలిసి కూడా, ఆ అక్షరాలు చదివి, తల తిప్పి మావారి ముఖం చూశాను. కొండాపూర్ బ్రాంచికి మీటింగులకని ఆయన వెళ్ళే రోజులు గుర్తుకొచ్చాయి. ఒక క్షణం ఆ పిల్ల ఉందని నమ్మాను. దేవుని ఎదుట రాస్తున్నాను, నమ్మాను.

ఉష్మాల్‌లో ఆయన ముందు నడిచారు. అంతకుముందు నాలుగు రోజులూ "ఇది చూడు, అది చూడు" అని పిల్లవాడిలా చెయ్యి పట్టి లాగిన మనిషి ఆ రోజు ఒక్కటీ చూపించలేదు. గుండ్రటి అంచులున్న పెద్ద మెట్ల గోపురం అడవిలోంచి పైకి లేచి నిలబడింది. గోడల నిండా తొండంలా వంగిన ముక్కులున్న వానదేవుడి ముఖాలు. వాటి ముందు నిలబడకూడదని ఇంటి దగ్గరే నిర్ణయించుకున్నాను. తెల్లబూరుగ చెట్టు నీడలో కూర్చున్నాను. మనిషి చెయ్యంత పొడుగున్న ఉడుములాంటి బల్లి ఒకటి ఎండలో రాతి మీద పడుకుని నన్నే చూస్తోంది. ఆ రాళ్ళలో నాకు భయమేసేంత ఏదీ కనబడలేదు. ఎవరో ఎంతో ఓపికతో చెక్కిన రాళ్ళు. భయమంతా నా సంచిలో ఉన్న ఫోన్లో ఉంది.

లేచి వెళ్ళేసరికి ఆయన ద్వారం దగ్గరి గదిలో ఒక శిలాఫలకం ముందు నిలబడి ఉన్నారు. దాని మీద చుక్కలు, అడ్డగీతలు. డైరీలో నేను చూసినవే.

"ఇదేనా ఆ లెక్క?" అన్నాను.

జవాబు చెప్పరనుకున్నాను. రాతినే చూస్తూ చెప్పారు. "చుక్క ఒకటి. గీత అయిదు."

రెండు గీతలు, మూడు చుక్కలు. "పదమూడు" అన్నాను.

"ఊఁ."

"ఆ కన్నులాంటిది?"

"అది గవ్వ. సున్నా. ఏమీ లేని చోట కూడా ఖాళీ వదిలేయకుండా వీళ్ళు ఒక గుర్తు పెట్టారు. ప్రపంచంలో అది తట్టినవాళ్ళు చాలా తక్కువ. నాకు అదొక్కటీ కళ్ళారా చూడాలనిపించింది." ఆగి, అన్నారు: "ఆ సున్నాను చూస్తే నాకు దేవుని మీద నమ్మకం పోలేదే. ఎందుకు పోతుందనుకున్నావు?"

వాక్యం చదువుకున్న రెండేళ్ళలో అలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు.

మిగతా రోజులు గడిచాయి. చిన్న చిన్న శిథిలాలు చూశాం, పాత గుడి రాళ్ళతోనే కట్టిన ఒక చర్చి చూశాం, దారిలో తోకలు నిలబెట్టి రోడ్డు దాటుతున్న ముంగిసల్లాంటి జంతువుల గుంపు కోసం కారు ఆపాం. మాట్లాడుకున్నాం కూడా. కానీ ఆయన నాతో మాట్లాడే ప్రతి మాటా ముందు పరీక్ష పెట్టి వదులుతున్నట్టుండేది. అది నేనే నేర్పాను.

తిరిగివచ్చిన ఆదివారం అనుమతి అడిగి సంఘం ముందు నిలబడ్డాను. చీటీ నేనే రాశాను, మాయ అంటే అడవిలో గుళ్ళు కట్టిన ఒక పాత జనం, మేమిద్దరం కలిసే వెళ్ళాం, మావారిలో ఏ దోషమూ లేదు అని చెప్పాను. ఫోన్లో ఫోటోలు కూడా చూపించాను. అయ్యాక ఆడవాళ్ళు చుట్టూ చేరి నా చేతులు పట్టుకున్నారు.

"గింత ఓర్పు ఎవ్వరికుంటదక్కా" అంది టైపు చేసి పంపిన సహోదరి, కళ్ళనీళ్ళతో. "మొగుని పరువు కాపాడినవ్. దేవుడు చూస్తుండు."

"అది కాదమ్మా, నిజంగానే అక్కడ అలాంటి జనం ఉన్నారు."

"ఉంటరక్కా, ఉంటరు. నువ్వేం ఫికర్ చెయ్యకు."

ఎంత కాదంటే అంత ఎక్కువగా నన్ను మెచ్చుకున్నారు. నేను మాట్లాడిన ప్రతి మాటతో ఆ పొట్టి జుట్టు పిల్ల ఇంకా గట్టిపడింది.

పాస్టరు గారు తెలివైనవారు. వెనక గదిలోకి పిలిచి, పాస్టరమ్మ గారిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగారు.

"సహోదరీ, ఫోటోలు చూసినం, మంచిదే. ఒక్క మాట అడుగుత, దేవుని ముందర చెప్పు. చీటీ రాసిన పూట నీ మనసుల అనుమానం ఉండెనా, లేకుండెనా?"

ఆ ఒక్క మాట మీదే అంతా ఆగి ఉందని నాకు తెలుసు. లేదంటే వచ్చే ఆదివారం మావారి తల మీద చేతులుంచుతారు. కారులో ఒకసారి ఆ "లేదు" అనేశాను. అది ఆయన వినక ముందే చచ్చిపోయింది. ఇప్పుడు అంటే పాస్టరు గారు నమ్ముతారు. తెల్లచొక్కా బీరువాలో ఇస్త్రీ చేసి ఉంది.

"ఉందండి" అన్నాను. "ఆధారం ఏమీ లేదు. అడిగితే ఆయన చెప్పేవారు, నేను అడగలేదు. రెండు అర్థాలొచ్చే మాట రాసి, ఏ అర్థంలో రాశానో నాకే తెలియకుండా ఉంచుకున్నాను. ఆమె నా మనసులో తప్ప ఇంకెక్కడా లేదు. ఆయన దోషం లేదండి, దోషం నాది."

పాస్టరమ్మ గారు నా వీపు నిమిరారు. పాస్టరు గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "నువ్వు నిజం చెప్పినవ్, మంచిగైంది" అన్నారు. "కానీ పెద్ద అంటే ముందు ఇంట్ల నమ్మకం ఉండాలె. ఇంట్లనే అనుమానముంటే బయటోళ్ళ నోరు నేనెట్ల మూస్త? ఇంకొన్ని దినాలు ప్రార్థనల పెడదాం."

కారులో కూర్చోగానే, మావారు తాళం తిప్పకముందే, అడిగినదీ నేను చెప్పినదీ మొత్తం చెప్పేశాను. ఆయన విన్నారు. నానక్‌రామ్‌గూడ సిగ్నల్ దగ్గర బండి ఆపారు.

"లేదని ఉంటే అయిపోయేదిగా" అన్నారు.

"అయిపోయేది."

పచ్చలైటు పడింది. వెనక హారన్లు. "ఈసారి ఎవరూ చెప్పకముందే నాకు చెప్పావు" అన్నారు, అంతే. ఆ గొంతులో క్షమ ఉందో, అలసట ఉందో నాకు తెలియలేదు. అడుగుదామనుకుని, ఇల్లు వచ్చేదాకా కూడగట్టుకుని, లిఫ్టులో అడిగాను.

"రెండూ ఉన్నాయి" అన్నారు.

ఇదంతా జరిగి ఆరు నెలలు. ఆయనను ఇంకా నియమించలేదు. కొత్తగా వచ్చే ఆడవాళ్ళకు ఎవరో ఒకరు ఆ కథ చెబుతూనే ఉన్నారు, అందులో నేను మహా ఇల్లాలిని. నిజం చెప్పినందుకు నా మనసు శుద్ధి అయిపోయిందని రాస్తే అది కూడా అబద్ధమవుతుంది. మొన్న ఆయన ఫోన్ మోగితే, తెర మీద పేరు చూడాలని నా మెడ దానంతటదే తిరిగింది. ఈ మధ్య నోరు తెరిచి అడుగుతున్నాను, "ఎవరండీ?" అని. ఆయన చెబుతున్నారు. చెప్పినదాన్ని నమ్మడానికి ఒక్కోరోజు ఒక పూట పడుతోంది.

ఇది చదివినవారు ఏ సంఘంవారైనా సరే, ఒక్క నిమిషం ఆగి మాతో కలిసి ప్రార్థించండి. ఈసారి మనవిలో రెండర్థాలు లేవు. మావారిలో దోషం లేదు. అనుమానం నాది. దానివల్ల ఆగిపోయింది ఆయన సేవ. ప్రభువా, ఈ స్త్రీ నోటికి అడిగే ధైర్యం, చెవికి వినే ఓపిక దయచేయుము. ఆమె మాటవల్ల ఒక మంచి మనిషికి కలిగిన నిందను నీవే తీసివేయుము. లేనివాళ్ళను చూశామని చెప్పే మా సహోదరీలను కూడా కనికరించుము. మీరు కూడా నాతో ఆమేన్ అనండి.